ఎదురొచ్చే అనసూర్య

ఫుట్‌బాల్ అంటే నాకు ఒళ్లు మంట. ఎవరైనా బంతి తన్నుతుంటే ఈనాటికీ మొహం తిప్పుకుని పోతాను. పాపం, ఆ తోలుబంతి ఏం చేసింది? చేసిందంతా మనుషులు. మా గోడకు గోడ ఆనిన ఇంట్లో ఉన్న అనసూర్యను వాళ్లేం చేశారో కళ్లారా చూసినదాన్ని. అందుకే చెబుతున్నాను.

నా పేరు లీలాబాయి. పుట్టిల్లు చాందా వైపు, మెట్టినిల్లు ఆదిలాబాదు జిల్లా. మా మిల్లు రైలుకట్టను ఆనుకుని ఉండేది. బట్టల మిల్లు. పోలీసు యాక్షన్‌ అప్పుడు కొన్నాళ్లు మూతపడి మళ్లీ తెరుచుకుంది. ఇంటి మగ్గాలు తిండి పెట్టక కరీంనగర్ జిల్లా పద్మశాలీలు చాలామంది వచ్చి అందులో చేరారు. మా ఆయన అక్కడ గుమాస్తా. ఆట రోజు మాత్రం ఆయన లైన్‌మన్. చేతిలో చిన్న ఎర్రజెండా పట్టుకుని గీత వెంట ఉరికేవాడు. ఇంట్లో ఉప్పెక్కడుందో తెలియని మనిషి, గ్రౌండులో మాత్రం బంతి గీత దాటిందో లేదో జానెడు తేడాతో చెప్పేవాడు.

ఆ గ్రౌండు కూడా ఏమంత గ్రౌండు! మిల్లు బూడిద పోసి చదును చేసిన నేల. ఒకవైపు రైలుకట్ట, ఒకవైపు మేముండే మిల్లు ఇళ్ల లైన్ల వెనుక గోడ, మిగతా రెండు వైపులా వెదురు దడి. ఆట ఉన్న ఆదివారం అన్నం తొందరగా తినేసి జనం కట్టమీదికి ఎక్కి కూర్చునేవాళ్లు. జైనూరు కొండల నుంచి సంతకొచ్చిన గోండులు కూడా బుట్టలు పక్కన పెట్టుకుని ఆట చూసి, చీకటి పడకముందు లేచిపోయేవాళ్లు. గూడ్సుబండి డ్రైవర్లు అక్కడికొచ్చేసరికి బండి నెమ్మది చేసి సీటీ కొట్టేవాళ్లు. బంతి కట్టమీదికి పోతే రైలు పోయేదాకా ఆట ఆగేది. మిరపకాయ బజ్జీల వాసన, బీడీ పొగ, ఎగిరే బూడిద. ఆడవాళ్లం గోడ పక్కన పీటలేసుకుని కూర్చునేవాళ్లం. బూతులు వినబడితే వినబడనట్టు ఉండేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ బూతుల కోసమే కొందరు వచ్చేవాళ్లు.

గ్రౌండులోకి పోయే తలుపు పక్కనే మిల్లు నల్లా ఉండేది. లైన్లన్నిటికీ అదే నల్లా. అనసూర్య కథంతా ఆ నల్లా దగ్గరే మొదలైంది.

అనసూర్యది మంథని. మొగుడు సాంబయ్య మా టీముకు గోలీ, గోలు కాసేవాడు. నేతపనివాడు కదా, చిన్నప్పటి నుంచి మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె అందుకుని అందుకుని చేతులు చురుకు. బంతి ఎటొచ్చినా అందుకునేవాడు. మనిషి మాత్రం మెత్తన. ఎవరేమన్నా "గట్లనే" అనేవాడు. అనసూర్య సన్నగా, పొడుగ్గా, గట్టిగా నవ్వే పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. అప్పటికి తమ్ముడు ముత్యం పాలు తాగే పిల్లగాడు. వాడిని చంకనేసుకుని నూలు కండెలు చుట్టి, ఇంటింటికీ తిరిగి బువ్వ అడిగి పెంచింది. తనకు పిల్లలు కాలేదు. నేను ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే "నాకు ముత్యం ఉన్నడు గదక్కా, ఫికరెందుకు" అని నవ్వేసేది.

ఆమె కాపురానికొచ్చిన ఏడాది బొగ్గుబాయి టీముతో ఆట పడింది. బొగ్గుబాయి వాళ్లంటే మావాళ్లకు హడల్. ఒక్కొక్కడు ఎద్దులా ఉండేవాడు. అంతకు ముందెన్నడూ వాళ్లమీద గెలవలేదు. ఆ రోజు మా టీము వరుసగా గ్రౌండులోకి పోతుంటే, తలంటు పోసుకుని, పసుపు రాసుకుని, నుదుట రూపాయంత కుంకుమతో అనసూర్య నీళ్లబిందె చంకనెత్తుకుని తలుపు దగ్గర ఎదురుపడింది. తప్పుకోబోయి, తొట్రుపడి, నీళ్లు కాస్త చిందించుకుని, నవ్వి పక్కకు జరిగింది. ఆ రోజు మావాళ్లు బొగ్గుబాయి మీద గెలిచారు.

ఇంకేముంది! రాజేశ్వర్‌రావుకు అది చాలు.

రాజేశ్వర్‌రావు మిల్లులో పెద్ద ఉద్యోగి, ఆటల క్లబ్బుకు సెక్రటరీ. మంథని దగ్గర భూములున్న దొరల ఇంటి మనిషి. చెడ్డవాడని నేననను. పండుగకు లైన్లలో పిల్లలందరికీ బట్టలు పెట్టించేవాడు. కానీ ఆటంటే మనిషికి పిచ్చి, శకునమంటే అంతకన్నా పిచ్చి. ఎవడైనా తుమ్మితే టీము మొత్తాన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి మళ్లీ లేపేవాడు. ఆ సాయంత్రం అందరి ముందూ అడిగాడు, "ఎవరు ఎదురొచ్చింది ఇయ్యాల?"

సాంబయ్య సిగ్గుపడుతూ "మా ఇంటామె దొరా" అన్నాడు.

"నిండు బిందెతోటి ముత్తైదువ ఎదురొస్తే ఇగ ఓడుతమా? ప్రతి ఆటకు గామెనే రావాలె" అన్నాడు రాజేశ్వర్‌రావు.

మొదట్లో అనసూర్యకు కూడా సంబరమే. ఎందుకుండదు? టీము గెలిస్తే లైన్లంతా ఆమె పేరే. నల్లా దగ్గర వరుసలో ముందు నిలబెట్టేవాళ్లు. సాంబయ్యకు మిల్లులో జాబరు పని, అంటే పదిమంది మీద మేస్త్రీ పని ఇచ్చారు. గ్రౌండు తలుపుకు దగ్గరగా ఉన్న మంచి ఇంటికి మార్చారు. అట్లాగే వాళ్లు మా పక్కకొచ్చారు.

అయితే ఎదురంటే అనుకోకుండా రావాలి కదా. పిలిపించి నిలబెడితే శకునమెట్లా అవుతుంది? దానికీ ఉపాయం చేశారు ఆ మహానుభావులు. ఆట రోజు టీము మొత్తం గోదాము గోడ వెనుక దాక్కునేది. అనసూర్య బిందె నింపుకుని చంకన పెట్టుకోగానే ఒకడు మెల్లగా దగ్గేవాడు. అప్పుడు వీళ్లు ఏమీ ఎరగనట్టు గోడ వెనుక నుంచి నడిచొచ్చేవాళ్లు. ఆమె కూడా వాళ్లను అప్పుడే చూసినట్టు ఉలిక్కిపడి, నవ్వి, పక్కకు తప్పుకోవాలి. ఉలిక్కిపాటు సరిగ్గా లేకపోతే రాజేశ్వర్‌రావు మళ్లీ చేయించేవాడు. నవ్వకండి. నేను చూశాను.

ఒకసారి జ్వరమొచ్చి పడుకుంటే దుప్పటి తీసి లేపుకొచ్చారు. ఇంకోసారి మేనత్త పోయిందని కబురొచ్చినా, ఆ కబురు ఇంట్లోకి రాకముందే బిందె ఎత్తించారు. కబురు చెవిన పడ్డాక మైల అవుతుంది కదా, వినకపోతే లేదట! వచ్చినవాడిని ఆట అయ్యేదాకా స్టేషనులో చాయ్ తాగిస్తూ కూర్చోబెట్టారు.

అన్నిటికన్నా నాకు కడుపు మండింది ఇంకొకటి. ఆడవాళ్లు నెలలో మూడు రోజులు బయట ఉంటారు కదా. ఆ రోజుల్లో నీళ్లు ముట్టరు, ఎదురు రారు. అందుకని రాజేశ్వర్‌రావు భార్య జానకీబాయి నెలనెలా పనిమనిషిని పంపి అనసూర్య తారీకులు కనుక్కునేది. ఆ తారీకులు చూసుకుని ఆటలు ఖాయం చేసేవాళ్లు. మీరు నమ్మరు, బొగ్గుబాయి వాళ్లు ఆట ముందుకు జరపమంటే "కుదరదు, మా గోలీ ఇంటామె గప్పుడు బయటుంటది" అని మొహమాటం లేకుండా చెప్పారట. పరాయి ఊరి మగవాళ్లకు!

ఆ సంగతి తెలిసిన రోజు అనసూర్య నా దగ్గరకొచ్చి కూర్చుంది. ఏడవలేదు. నేలమీద గోటితో గీస్తూ, "నా ముట్టు దినాలు మిల్లు సైరన్ లెక్క ఊరందరికి తెలుసక్కా. నాకింక సిగ్గేడిది" అంది.

"సాంబయ్యతో చెప్పు" అన్నాను.

"చెప్పిన. దొర మాట ఎట్ల కాదంటమంటడు. జాబరు పని పోతదంటడు. మంథని పోయి మల్ల గుంటమగ్గంల కూసుందామా అంటడు. నేను కూసుంటనే అన్న. ఆయన కూసోడు."

అట్లా నాలుగేళ్లు గడిచాయి. చలికాలమంతా ఆటలే కాబట్టి పుట్టింటికి పోవడానికి వీలయ్యేది కాదు. ఎండాకాలంలో పోతే ముత్యం పనిమీద ఎక్కడెక్కడో ఉండేవాడు. పెంచిన పిల్లగాడి మొహం చూసి రెండేళ్లయింది.

అప్పుడు ముత్యానికి పెళ్లి కుదిరింది. పిల్లది పెద్దపల్లి. మాఘమాసంలో మంథనిలోనే, పిల్లగాని ఇంట లగ్గం. పొద్దున్నే ముహూర్తం. కబురు తెలిసిన రోజు అనసూర్య ఇల్లు అలికి ముగ్గేసింది. మా ఇంటి ముందు కూడా వేసింది.

"తల్లి లేని పిలగాడక్కా. పుస్తె కట్టేటప్పుడు రెండు ముళ్లు వాడేస్తడు, మూడో ముడి ఆడబిడ్డ వెయ్యాలె. నేనే వెయ్యాలె. వాణ్ణి సాదింది నేను, ముడి గూడ నాదే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతివేళ్లు వాటంతటవే ముడి వేస్తున్నట్టు కదిలాయి. నేతగాళ్ల బిడ్డ కదా, తెగిన పోగుకు ముడి వెయ్యడం నడక రాకముందే వచ్చి ఉంటుంది.

లగ్గం రోజు సాయంత్రమే జిల్లా కప్పు ఆఖరి ఆట అని మర్నాడు తెలిసింది. అవతలి టీము బొగ్గుబాయే.

నేనే తోడుపోయాను రాజేశ్వర్‌రావు ఇంటికి. ఆయన అరుగుమీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అనసూర్య కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, మెట్టు కింద నిలబడి చెప్పుకుంది.

"తమ్ముని లగ్గమా? శానా సంతోషం" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. "ఎన్నడు?"

చెప్పింది. ఆయన మొహం మారిపోయింది.

"మార్చుకోండ్రి."

"లగ్గం ఎట్ల మారుస్తం దొరా?"

"మన పంతులుతోని వేరే ముహూర్తం చూపిస్త. గింతకన్న మంచిది."

"పిల్ల తరఫోల్లు ఒప్పుకున్నరు, పందిరి గుంజలు నాటిండ్రు. నాకున్నది వాడొక్కడే దొరా. నేను ముడి వెయ్యాలె."

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. గొంతు మెత్తబడింది. "చూడు బిడ్డా. నువ్వు నాకు బిడ్డ లెక్క. గీ ఒక్క ఆట అయిపోనియ్. అయినంక మిల్లు జీపుల మంథని దాక దించుత."

"పొద్దుగాల లగ్గమైతే, పొద్దూకినంక నేను పోయి ఏం జెయ్యాలె?"

"నీ మొగన్ని జాబరును చేసింది ఎందుకు మరి?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. నాకైతే ఆ అరుగుమీదికి ఎక్కి ఆ కుర్చీ లాగేయాలనిపించింది. అనసూర్య వెనుదిరిగింది.

ఆటకు ఇంకా రెండు రోజులు ఉందనగా, పొద్దున్నే గోడమీద నుంచి నన్ను పిలిచింది. కళ్లలో ఎక్కడలేని మెరుపు.

"అక్కా, నేను బయటున్న."

"అయ్యో, ఇప్పుడా? తారీకు కాదు కదా!"

చేతులు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "బయట లేను. బయటున్న అని చెప్పిన, దొరసాని పనిమనిషికి. బయటున్నదాన్ని ఎదురు రమ్మనరు గద. రేపటి పాసింజర్ల ఎక్కి పోత."

నాకూ నవ్వాగలేదు. నాలుగేళ్లుగా ఏ తారీకులతో ఆమెను కట్టేశారో వాటితోనే కట్లు తెంపుకుంది. ఇద్దరం గోడకు ఇటొకరం అటొకరం కూర్చుని కడుపుబ్బ నవ్వుకున్నాం.

గంట తిరగకముందే జానకీబాయి స్వయంగా వచ్చింది. గడపకు దూరంగా నిలబడి మాట్లాడింది. బయట ఉన్నదానికి దగ్గరగా రాకూడదు కదా.

"దొర పరేషానైతుండు. అయితే ఏం జేస్తం, మన చేతులున్నదా? నీ ఇల్లేమో గ్రౌండు తొవ్వల ఉండె. టీము పోయేటప్పుడు నువ్వు కండ్లబడొద్దు. రేపు నేను మంథని పోతున్న, మా అవ్వగారింటికి. నువ్వు గూడ నా ఎంబడి రా. మీ పెండ్లింట్ల నేనే చెప్పి, నిన్ను ఓ పక్కకు సక్కగ కూసోబెట్టిస్త. ఫికర్ చెయ్యకు."

అనసూర్య అక్కడే కూలబడిపోయింది. ఇంత చిన్న విషయం మా ఇద్దరికీ తట్టలేదు. బయట ఉన్నదాన్ని ఎదురు రమ్మనరు, సరే. బయట ఉన్నదాన్ని పెళ్లి పందిట్లోకి ఎవరు రానిస్తారు? మిల్లులో చెప్పిన మాట మిల్లులోనే ఉంటుందనుకుంది. అది ఆమెతోపాటే రైలెక్కుతుందనుకోలేదు.

ఇక మంథనిలో జరిగింది ఆమె తర్వాత నాకు చెప్పిందే. రైల్లో జానకీబాయి పెట్టె మధ్యలో కూర్చుంది, అనసూర్యను తలుపు దగ్గర కింద కూర్చోబెట్టింది. పెద్దపల్లిలో బస్సు కోసం ఆగినప్పుడు అనసూర్య ఇక ఉండబట్టలేకపోయింది. ఆమె కాళ్లకు దండం పెట్టబోయింది. జానకీబాయి కాళ్లు వెనక్కి లాక్కుంది.

"దొరసానీ, నాకేం లేదు. అబద్ధమాడిన. తమ్ముని లగ్గానికి పోవాలని అబద్ధమాడిన. మీ బాంచెన్, ఎవ్వలకు చెప్పకుండ్రి."

జానకీబాయి జాలిగా చూసిందట. "నాకు తెల్వదా బిడ్డా. పెండ్లి కాడికి పోవాలని ఇప్పుడు అబద్ధమాడుతున్నవ్. ఎవలైన గట్లనే అంటరు. గని పందిట్ల ఏమన్న అయితే ఆ పాపం కొత్త పిల్లకు తాకుతది. నేను ఊకుంటే నాకు గూడ తాకుతది."

అబద్ధాన్ని నిజమన్నారు. నిజం చెబితే అబద్ధమన్నారు. ఇంక ఏ దారిన పోవాలి ఆ మనిషి?

పెళ్లింట్లో ఆమెను మగ్గాలసాలలో కూర్చోబెట్టారు. అన్నం విస్తరిలో పెట్టి దూరం నుంచి జరిపారు. ఆమె ప్రతి ఒక్కరికీ చెప్పింది, ఏడ్చింది, ఒట్లు పెట్టుకుంది. "ఆడబిడ్డ గద, ఆరాటముండదా?" అంటూ ముసలమ్మలు ఓదార్చారు. పిల్ల తరఫు వాళ్లు మాత్రం మొహాలు ముడుచుకున్నారు.

లగ్గం రోజు పొద్దున్నే ముత్యం సాల గుమ్మం దగ్గరకొచ్చాడు. పసుపు బట్టలు, నుదుట బాసింగం. రెండేళ్ల తర్వాత చూడటం. మీసాలొచ్చాయట వాడికి.

"అక్కా, నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమేరా. నీ మీద ఒట్టు. నాకేం లేదు."

వాడు వెనక్కి తిరిగి పందిరి వైపు చూశాడు. "అందరేమో గట్లంటుండ్రు..."

"అందరి మాట ఇడిసిపెట్టు. నువ్వేమంటవ్‌రా?"

వాడు బాసింగం సర్దుకున్నాడు. "లగ్గం టైమైతుందక్కా" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత డప్పులు గట్టిగా మోగాయట. మూడో ముడి చిన్నాయన బిడ్డ వేసింది. సాల తడికగోడ సందులోంచి అనసూర్యకు జనం వీపులు తప్ప ఏమీ కనబడలేదు. ఇది చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. నేను ఆమెను దగ్గరకు తీసుకుని ఇద్దరి తరఫునా నేనే ఏడ్చాను.

అదే రోజు సాయంత్రం నేను గ్రౌండులో ఉన్నాను. మా ఆయన జెండా ఉతికి గ్రౌండుకు తెచ్చి ఇవ్వకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు, అందుకని పోయాను. జనం కట్టమీద కిక్కిరిసిపోయారు. మా టీము గోదాము వెనుక దాక్కోలేదు. నల్లా దగ్గర ఎవరూ లేరు. అక్కడికి రాగానే పదకొండు మందీ అటే చూసి తలలు దించుకున్నారు. రాజేశ్వర్‌రావు మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు లోపల ఎంత సంతోషమేసిందో! ఓడాలి, చిత్తుగా ఓడాలి అని మొక్కుకున్నాను. మా ఆయన టీమే అయినా సరే.

ఓడలేదు. ముండమోపి ఆట! బొగ్గుబాయి వాళ్లు మొదటి నుంచీ మావాళ్ల గోలు దగ్గరే తిష్ట వేశారు. సాంబయ్య మట్టిలో పొర్లి పొర్లి ఆపాడు. మోచేయి దోక్కుపోయింది. పెనాల్టీ ఇస్తే అది కూడా ఆపాడు. ఆ రోజు ఆ మనిషి ఎవరి మీద కసితో ఆడాడో నాకిప్పటికీ తెలియదు. ఇక ఆట అయిపోతుందనగా వాళ్లవాడు వెనక్కి తన్నిన బంతి వాళ్ల గోలీ కాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ వాళ్ల గోల్లోకే పోయింది. మా ఆయన జెండా పారేసి గంతులేశాడు. లైన్‌మన్ గంతులెయ్యకూడదని రెఫరీ తిట్టాడు కూడా.

సాంబయ్యను భుజాలకెత్తుకున్నారు. జనంలోంచి ఎవరో అరిచారు, "ఎదురు లేకున్న గెలిచినం!" ఆ ఒక్క మాట చాలనుకున్నాను నేను. అనసూర్య బతికిపోయింది, ఇక ఎవరికీ ఆమెతో పనిలేదు అనుకున్నాను. రాజేశ్వర్‌రావు మాత్రం కప్పు గుండెకు హత్తుకుని, కళ్లు తుడుచుకుంటూ ఇంకో లెక్క తీశాడు.

"ఎదురొస్తే ఆటలు గెలిచినం. గామె బయట కూసుంటే కప్పే గెలిచినం."

అనసూర్య తిరిగొచ్చిన వారానికే బల్లార్షా టీముతో ఆట పెట్టారు. ఆట రోజు పొద్దున జానకీబాయి పనిమనిషి వచ్చింది. "దొర చెప్పమన్నడు. ఇయ్యాల నువ్వు బయట కూసోవాల్నట."

"నాకిప్పుడేం లేదు" అంది అనసూర్య.

"ఉన్నా లేకున్నా కూసొమ్మన్నడు. టీము పోయేటప్పుడు గడపల నిలబడి బయటున్న అని చెప్పాల్నట. పోయినసారి గట్లనే కలిసొచ్చిందట."

సాయంత్రం టీము వరుసగా వస్తుంటే అనసూర్య గడపలో నిలబడలేదు. చేతిలో బిందె లేదు, ఏమీ లేదు. తిన్నగా పోయి గ్రౌండు తలుపుకు అడ్డంగా నిలబడింది. నేను గోడ పక్కన పీటమీద నుంచి లేచాను. కట్టమీద జనం కూడా ఏమిటా అని చూశారు.

"దొరా, ఒక మాట. అందరు ఇనుండ్రి" అంది. "నేను ఆనాడు బయట లేను. అబద్ధమాడిన. నా తమ్ముని లగ్గం చూడాలని అబద్ధమాడిన. అది నన్నే తిన్నది. మూడో ముడి ఇంకెవలో వేసిండ్రు. మీరు గెలిచింది నేను ఎదురొచ్చీ కాదు, బయట కూసునీ కాదు. నాతోని మీకేం పని లేదు. నన్నిడిసిపెట్టుండ్రి."

బల్లార్షా వాళ్లు తెలుగు రాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెప్పేసింది, శభాష్, ఇక వాళ్లు ఏం చేయగలరు అనుకున్నాను.

రాజేశ్వర్‌రావు కోప్పడలేదు. తిట్టలేదు. అంత పెద్దమనిషి రెండు చేతులూ జోడించాడు.

"అయితే గదే అబద్ధం ఇయ్యాల గూడ చెప్పు తల్లీ. దానితోనే కప్పొచ్చింది."

అనసూర్య మొగుడి వైపు చూసింది. సాంబయ్య వంగి బూటుతాడు కట్టుకుంటున్నాడు. ఆ తాడు అప్పటికే గట్టిగా కట్టి ఉంది. తల ఎత్తకుండానే అన్నాడు, "ఒక్కమాటనే గద. అనరాదు."

గూడ్సుబండి ఒకటి సీటీ కొట్టుకుంటూ కట్టమీద పోయింది. అది పోయాక అనసూర్య "బయటున్న" అంది.

టీము వాళ్లు ఒక్కొక్కరే ఆమె గాలి తగలకుండా గోడవారగా జరిగి, సంతోషంగా లోపలికి పోయారు. సాంబయ్య కూడా అట్లాగే జరిగి పోయాడు. కట్టమీద ఈలలు మొదలయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది. జనాన్ని తోసుకుని పరుగెత్తుకెళ్లి ఆమె చెయ్యి పట్టుకోబోయాను. అన్నీ తెలిసినదాన్ని, ఆ అబద్ధం పుట్టినప్పుడు ఆమెతో కలిసి నవ్వినదాన్ని. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ముట్టుకోకక్కా" అంది. "బయటున్న."